చేతగానివాడికి గాజులు

బన్సీలాల్‌పేట్‌లో మా గల్లీ నల్లాలు ఎండిపోయాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. పక్కింటి పుష్పమ్మ కోడలు నిండు చూలాలు. ఆ పిల్ల పక్క బస్తీ నుంచి బిందెలు మోస్తుంటే చూడలేక పుష్పమ్మకు కడుపు మండిపోయింది.

"నడువు టీచరమ్మా, ఆ నీళ్ళ ఆఫీసర్‌కు గాజులిచ్చొద్దాం" అంది.

చేతగాని అధికారికి గాజులిచ్చి సిగ్గు తీయడం ఇక్కడ పాత అలవాటే. అయినా నాకు ఒళ్ళు మండింది.

"గాజులంటే చేతగానితనమా? మరి పొద్దున్నుంచీ నీళ్ళు మోసిన మన చేతులకున్నవేమిటి?" అన్నాను.

"నీ గుంటూరు లెక్చర్ బంజెయ్. తిట్టంటే తిట్టే, దానికి ఆడా మగా ఏందీ?"

ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ వాళ్ళ వెంటే నడిచాను. సిద్ధాంతాలతో అన్నం ఉడకదు కదా!

నీళ్ళ ఆఫీసులో ఆఫీసరు, పేరుకు మాత్రమే బ్రహ్మచారిగారు, పేపరు చదువుకుంటున్నారు. పుష్పమ్మ గాజుల డబ్బా బల్లమీద పెట్టి, "తొడుక్కో సార్!" అని గర్జించింది.

ఆయన డబ్బా విప్పి, ఒక గాజు తీసి వెలుతురులో తిప్పి చూశారు.

"మంచిగున్నయమ్మా. మొన్న సీతాఫల్‌మండోళ్ళు ఎర్రయి ఇచ్చిండ్రు. మా ఇంటామె పచ్చయి కావాలంటుండె" అని నవ్వుతూ సొరుగులో పెట్టుకున్నారు.

నాకు నవ్వాగలేదు. పుష్పమ్మ ముఖం మాత్రం మాడిపోయింది. "ముండాకొ..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి నావైపు చూసింది.

"ఇది సుత వాళ్ళమ్మకే తగులుతది గదా? పాపం, ఆ ముసలామె నాకేం జేసింది?"

నోరు తెరిస్తే గల్లీ దద్దరిల్లే మనిషికి తిట్టు కరువైంది. కాసేపు వెతుక్కుని, మామూలు గొంతుతోనే అంది:

"నువ్వు పనిదొంగవు సార్."

బ్రహ్మచారిగారి నవ్వు ఆగిపోయింది. తలుపవతల గుమాస్తాలు తలలెత్తారు.

"గట్లనకమ్మా, స్టాఫ్ వింటున్నరు!"

"విననీ! పనిదొంగ!"

ఈసారి అందరం అందుకున్నాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అంత హాయిగా నా జన్మలో ఎవరినీ తిట్టలేదు.

ఆయన చెమట తుడుచుకుంటూ ఫోనందుకుని, వాల్వు తిప్పే పర్వతాలు అనే అతన్ని వెంటనే మా గల్లీకి వెళ్ళమన్నారు. దీపాలు పెట్టే వేళకు వీధి నల్లాలో నీళ్ళొచ్చాయి. సంబరంగా అందరం బిందెలతో పరుగెత్తాం. పుష్పమ్మ కోడలు కూడా నడుం పట్టుకుని లేచింది. ఆమె మొగుడు రాములు అరుగుమీద కాళ్ళూపుకుంటూ బీడీ కాలుస్తున్నాడు.

పుష్పమ్మ కోడలి చేతిలోంచి బిందె లాక్కుని, నేరుగా కొడుకు ఒళ్ళో పడేసింది.

"లెవ్‌రా, పనిదొంగా!"