అతిథుల మూల

జివిలెకు ఒక పిచ్చి ఉంది. ఏ ఊరి బాస్కెట్‌బాల్ హాలుకు వెళ్లినా ముందు ఆట చూడదు, హాలును వింటుంది. విల్‌కౌపె ఊరి సంగీత పాఠశాలలో ముప్ఫై ఏళ్లుగా పియానోలకు శ్రుతి చేస్తున్న మనిషి మరి, చెవి ఊరుకోదు.

ఇరవై రెండేళ్లుగా ఆమె తమ జట్టు వెంట లిథువేనియా అంతా బస్సులో తిరిగింది. పరాయి ఊళ్లో ఆట అయ్యాక అతిథులను, అంటే బయటి జట్టు వెంట వచ్చినవాళ్లను, వెంటనే బయటికి పంపరు. ఊరివాళ్లంతా వెళ్లేదాకా ఇరవై నిమిషాలు వాళ్ల మూలలోనే కూర్చోబెడతారు. మిగతావాళ్లు ఆ ఇరవై నిమిషాలూ సణుగుతారు. జివిలె మాత్రం నోటుపుస్తకం తీసి హాలుకు పదికి మార్కులు వేస్తుంది. కోర్టు ఎంత కనబడింది, వెల్లుల్లి రుద్దిన వేపుడు రొట్టె కరకరలాడిందా, మన అరుపు అవతలి గోడదాకా చేరిందా. పుస్తకంలో లేని హాలు ఒక్కటే, తమ సొంతది. అందులో ఆమెకు కోర్టు పక్కనే, సి బ్లాకులో పద్నాలుగో కుర్చీ. ఎడమకు ఒరిగితే కిర్రుమంటుంది. కోర్టుకు అవతలి పక్క, ఎదురుగా, ఆమె చెల్లెలి కొడుకు స్కిర్మాంతస్ డోలు కొడతాడు.

ఆ వసంతంలో హాలు మేనేజరు రమూనె ఆమెను పిలిచింది. వేసవిలో అతిథుల చోటుకు ఇనుప కంచె బిగిస్తారట, ఒకసారి బిగిస్తే మళ్లీ కదలదట. "ఎక్కడ పెట్టాలో సోమవారంలోగా రాసివ్వండి జివిలె గారూ. ఇన్ని హాళ్లు చూసినవాళ్లు ఊళ్లో మీరొక్కరే" అంది.

స్కిర్మాంతస్‌కు అందులో ఆలోచించాల్సిందే కనబడలేదు.

"ఇప్పుడున్నచోటే ఉండనీ పెద్దమ్మా, పైన, స్తంభం వెనక. మొన్న ఆ తీరం ఊరోళ్లు మనల్ని గబ్బిలాల్లా కప్పుకి వేలాడదీశారా లేదా?"

"వేలాడదీశారు. నాలుగు మార్కులేశాను."

"నాలుగా! నువ్వు మరీ ధర్మాత్మురాలివి."

"ఉండరా. మన హాల్లో ఆ మూలెలా ఉంటుందో నాకే తెలీదు. శనివారం వెళ్లి కూర్చుంటా."

"వాళ్లతోనా? అమ్మో! ఊళ్లో నేను తలెత్తుకు తిరగాలా వద్దా?"

శనివారం ఆమె తమ జట్టు రంగు ఆకుపచ్చ మఫ్లరు ఇంట్లో వదిలేసి, బూడిదరంగు కోటు తొడుక్కుని, ఉత్తరాది ఊరునుంచి వచ్చిన ఎనభైమంది మధ్య కూర్చుంది. ఎడమ బుట్టనూ, అటువైపు డోలు వాయించే స్కిర్మాంతస్‌నూ స్తంభం పూర్తిగా మింగేసింది. ఇన్నేళ్లూ గుండె అదరగొట్టిన ఆ డోలు, ఇక్కడికి పక్క వీధిలో ఎవరో తివాచీ దులుపుతున్నట్టు వినబడింది. అతిథులు గొంతు చించుకున్నా కింద ఒక్క తల తిరగలేదు. తనవాళ్లు తాపీగా రొట్టె నములుతున్నారు. మా హాలంత గోల ఇంకెక్కడా ఉండదని ఊరూరా చెప్పుకుని తిరిగిన మనిషికి తల కొట్టేసినట్టయింది.

ఆట ముగిసింది. ఊరివాళ్లు లేచారు. జివిలె అలవాటుకొద్దీ కూర్చునే ఉంది, పుస్తకం కూడా తీసింది. కాపలా మనిషి నవ్వాడు. "జివిలె గారూ, మీరెందుకండీ ఆగడం? మీరు ఇంటివాళ్లు కదా!"

గుట్టు రట్టయింది. పక్కనున్న మీసాల పెద్దాయన ఇటు తిరిగాడు. "ఓహో, మా మధ్య గూఢచారినా?"

"హాలు చూడ్డానికొచ్చానండీ. మీరైతే ఎన్ని మార్కులేస్తారు?"

"హాయైన హాలమ్మా. పోయినేడు మా ఆవిడ ఇక్కడ చక్కగా కునుకు తీసింది."

జివిలెకు ఒళ్లు మండింది. "మావాళ్లకి అరవడం రాక కాదు!"

"ఎవరి మీద అరుస్తారమ్మా? మేం ఇక్కడున్నామని వాళ్లకి తెలిస్తే కదా."

ఇంటికి వచ్చి పుస్తకం మొదటినుంచి తిరగేసింది. తొమ్మిది పడ్డ హాళ్లన్నిట్లో అతిథులు ఊరివాళ్ల డోలుకు ఎదురుగా, కళ్లలో కళ్లు పెట్టి కూర్చున్నారు. నాలుగు పడ్డచోటల్లా కప్పు కిందే. ఇన్నేళ్లూ ఆ ఘనత కప్పుదనీ, చెక్కదనీ రాసుకుంటూ వచ్చింది. తిట్టేవాడు ఎదురుగా ఉంటేనే కదా గొంతు లేచేది! చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని.

విల్‌కౌపె హాల్లో డోలుకు ఎదురుగా ఉన్నది సి బ్లాకు ఒక్కటే. ఆదివారమంతా ఆ కాగితం ముందు కూర్చుంది. ఇరవై రెండేళ్ల కుర్చీ. ఏడుపొచ్చింది, ఏడ్చింది. సోమవారం 'సి' అని రాసిచ్చింది.

రమూనె కాగితం చూసింది. "ఇది మీ బ్లాకే కదండీ?"

"అదే. పాతమూలలో నాకొక కుర్చీ రాయండి."

స్కిర్మాంతస్ వేసవంతా ఆమెతో మాట్లాడలేదు.

అక్టోబరులో మొదటి ఆట. సి బ్లాకులో అతిథులు కూర్చుంటూనే ఒక పాట ఎత్తుకున్నారు, మీ డోలుకి నిద్రొచ్చిందా అని వెక్కిరిస్తూ. ఒక్క క్షణం హాలు నోరు వెళ్లబెట్టింది. తర్వాత డోలు మోగింది. ఊరు ఊరంతా లేచి అరిచింది, రొట్టెలు నేలపాలయ్యాయి. పైన జివిలె చెయ్యి ఆన్చిన స్తంభం సన్నగా వణికింది. తనవాళ్ల గొంతు బయటినుంచి ఎలా ఉంటుందో ఆమె వినడం అదే మొదటిసారి. ఒళ్లు పులకరించింది.

ఆట అయ్యాక, అతిథులు కింద వాళ్ల ఇరవై నిమిషాలు కూర్చున్నారు, పైన ఆమె కూడా కూర్చుంది. మెట్లెక్కి స్కిర్మాంతస్ వచ్చాడు. గొంతు బొంగురుపోయింది. ఆమె ఒళ్లోని పుస్తకం కేసి చూశాడు.

"మనకెంతేశావు?"

"తొమ్మిది."

"ఇంత గోల చేశాం! ఆ ఒక్కటీ ఎందుక్కోశావు పెద్దమ్మా?"

"ఇక్కణ్ణించి నువ్వు కనబడవురా" అంది జివిలె.