మోటరు దమ్ము తీసుకునే వేళ

"మోటరుకు బొట్టు పెట్టు" అంటూ మా అత్త కుంకుమ భరిణె నా చేతికి ఇవ్వబోయి, గుర్తుకొచ్చి వెనక్కి తీసుకుంది. "నువ్వొద్దు తియ్. గా గట్టు మీద నిలవడు" అంది.

దసరా పండుగ. బావి దగ్గర మోటరు కొట్టంలో మోటరుకు తలంటు ఒక్కటే తక్కువ. మా మామ దేవన్న దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి బంతిపూల దండ వేశాడు. అత్త హన్మవ్వ పసుపు రాసి బొట్టు పెట్టింది. మామ కొబ్బరికాయ కొడుతూ, బొంబాయిలో ఉన్న కొడుకును తలుచుకుని, "నా కొడుకు రెక్కల కష్టం. సల్లగుండాలె" అన్నాడు. కాయ నీళ్ళు మోటరు మీద పడతాయేమోనని అరచెయ్యి అడ్డం పెట్టాడు. నేను గట్టు మీద నిలబడి చూశాను. నిన్న సాయంత్రం దాకా ఆ మోటరును నడిపిందీ, ఆపిందీ, దాని కింద బురద ఎత్తిపోసిందీ నేనే. రేపు పొద్దున్నా నేనే. పండుగ పూట మాత్రం నాకు మైల.

నాకు రక్తం ఆగక ఏడాది దాటింది. చిన్నది పుట్టి నెల తిరక్కముందే చెరుకు తోటలోకి దిగాను. విత్తనపు చెరుకు మోపు తలకెత్తుకున్న రోజున కింద ఏదో జారినట్టయింది. అప్పటి నుంచి నిలబడితే బరువు, వంగితే నొప్పి, బట్ట తీస్తే ఎరుపు. సిగ్గు చంపుకుని అత్తకు చెప్పాను. "మాకు కాలేదా? పిల్లల తల్లికి గివన్నీ ఉంటయి. నలుగుర్ల చెప్పకు" అంది. బయటున్నప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ళు మూడు రోజులు దూరంగా కూర్చోవాలి, పసుపు మడి ఛాయలకు పోకూడదు. మరి నెల పొడుగునా రక్తం పోయేదాన్ని నెల పొడుగునా కూర్చోబెడితే పని ఎవరు చేస్తారు? ఆలోచించి అత్తే తీర్పు చెప్పింది. పసుపు మడిలోకి పోవద్దు, దేవుడి అర్రలోకి పోవద్దు. చెరుకులోకి పోవచ్చు. "చెరుకుకు మైల లేదు" అంది. పేడకళ్ళకూ లేదు, కూలీల వంటకూ లేదు. పని ఉన్నచోట ఎక్కడా మైల లేదని నాకు అప్పుడే తెలిసింది.

ఈ మోటరు రాకముందు మాది వాన మీద పొలం. నిజాంసాగర్ కాలువ నీళ్ళు మా చెలక దాకా ఎక్కవు. జొన్న ఒక్క పంట తీసుకుని, ఎండాకాలం ఆకలితోనైనా సరే కాస్త నీడన కూర్చునేవాళ్ళం. తిండికి చాలక మా ఆయన రాజారాం బొంబాయి పోయి మిల్లులో చేరాడు. మనియార్డరు మామ పేరున వస్తుంది. పోస్టుమాన్ వచ్చిన రోజు ఇంట్లో అందరికీ చాయ, నేను పెట్టేది. ఆ మనియార్డర్లన్నీ కలిసి మోటరయ్యాయి. మోటరు నీళ్ళు చెరుకయ్యాయి. చెరుకు బండ్లకెక్కి బోధన్ ఫ్యాక్టరీకి పోయింది. దేవన్న ఇల్లు బాగుపడిందని ఊరంతా అన్నది. బాగుపడ్డ ఇంట్లో నాకు ఎండాకాలం అనేదే లేకుండా పోయింది. కలుపు తీయడం, మళ్ళకు నీళ్ళు కట్టడం, ఎండుటాకు దూయడం, కోతకొచ్చినవాళ్ళకు వండిపెట్టడం. ఒక కూలిమనిషిని పెట్టుకుందామంటే, "ఇంట్ల మనిషుండంగ కూలెందుకు?" అన్నాడు మామ. ఆ ఇంట్లో మనిషిని నేనే.

మా ఆయనకు కబురు చేయాలంటే ఉత్తరం రాసిపెట్టేవాళ్ళంతా మగవాళ్ళు. గర్భసంచి సంగతి పోస్టుమాన్‌కు ఎట్లా చెప్పను? అందుకని ఆయన వచ్చేదాకా ఆగాను. చైత్రంలో వచ్చాడు. బస్సు దిగి నేరుగా బావి దగ్గరికే పోయి, చెప్పులు విప్పి మోటరు కొట్టంలోకి అడుగుపెట్టాడు. తిరిగి పోయేరోజు బస్టాండు దాకా మూట మోసుకుంటూ వెంట నడిచి, దారిలో చెప్పాను. ఆయన ఆగిపోయి మూట లాక్కున్నాడు.

"గిన్ని దినాలు చెప్పద్దా?" అన్నాడు.

"ఎవలతోని చెప్పియ్యాలె?" అన్నాను.

మూట తన భుజానికెత్తుకుని ముందు నడిచాడు. బస్సు కనబడ్డాక, "నీ దవాఖాన కొరకే వేరంగ పంపిస్త. రాత్రి బువ్వ బందు పెట్టయినా పంపిస్త" అన్నాడు. మనిషి సగమైపోయాడని నేను బస్సు దీపాల వెలుతురులో చూశాను. మంచివాడు. మంచివాడైనందుకే నాకు ఏడుపొచ్చింది.

మాట తప్పలేదు. రోహిణి కార్తెలో పైసలొచ్చాయి. చంద్రవ్వను, అంటే నన్ను, నిజామాబాద్ పెద్ద దవాఖానలో చూపించమని రాయించాడు. పోస్టుమాన్ పైకి చదివాడు. ఆ వారమే మోటరు కాలింది. చెరుకు వాడుముఖం పట్టింది. మామ మోటరును గోనెపట్టాలో చుట్టి, "ఇద్దరినీ ఒక్కసారే తీస్కపోత" అన్నాడు. బస్సు మీద వేస్తే దెబ్బ తగులుతుందని లోపల కాళ్ళ దగ్గర పెట్టించాడు. నిజామాబాద్‌లో దిగాక ముందు రిపేరు దుకాణానికే పోయాం.

దుకాణం ముక్తార్‌ది. మూత విప్పి నల్లబడ్డ తీగ చూసి అతను మామ మీద గయ్యిమన్నాడు. "పొద్దందాక ఆపకుంట నడిపిస్తే కాలదా? ఇనుమైతే మాత్రం? దీనికీ దమ్ము కావాలె గద, పటేలా. జరసేపు నడిపి జరసేపు ఆపాలె." మామ చేతులు కట్టుకుని, బడిపిల్లవాడిలాగా విన్నాడు. ముక్తార్ నా వైపు చూసి, "బీమారున్నట్టున్నవు, కూసో అమ్మా" అని తన పీట జరిపాడు. ఆ ఏడాది నన్ను కూర్చోమన్న మనిషి అతనొక్కడే.

మోటరు అక్కడ వదిలి దవాఖానకు పోయాం. డాక్టరమ్మ చూసి, ఆపరేషన్ చేయాలంది. అయ్యాక మూడు నెలలు బరువెత్తకూడదు, వంగకూడదు అంది. మామ ఖర్చు ఎంతని అడగలేదు. "మూడు నెలలా?" అన్నాడు. "చెరుకు గిప్పుడే ఎదుగుతున్నదమ్మ. కోతయినంక తీస్కొస్త." డాక్టరమ్మ నా ముఖం చూసింది. నోరు తెరిస్తే మాట బదులు ఏడుపొస్తుందని నేను నేల చూశాను. ఆమె అందాకా వేసుకోమని గోలీలిచ్చింది. మా ఆయన ఆకలి పైసలు మోటరు తీగకు పోయాయి. బొంబాయికి మామ ఉత్తరం రాయించాడు. దవాఖానల చూపించినం, మందులిచ్చిండ్రు, పైలంగున్నది. అందులో అబద్ధం ఎక్కడుందో చూపించమంటే నేను కూడా చూపించలేను.

మోటరు దుకాణంలో ఉన్న ఆ నాలుగు రోజులు మాత్రం నా బతుకులో మిగిలాయి. నీళ్ళు లేవు కనుక మళ్ళు కట్టే పని లేదు. నేల రాయయింది కనుక కలుపు లేదు. మధ్యాహ్నమంతా ఖాళీ కొట్టంలో ఎండుటాకు పరుచుకుని, మోటరు తీసిన దిమ్మె మీద కాళ్ళు పెట్టుకుని పడుకున్నాను. మూడో రోజుకు బరువు తగ్గింది. నాలుగో రోజు బట్ట మీద మరక లేదు. "సూసినవా, దానంతలదే తగ్గింది" అంది అత్త. మోటరు వచ్చిన మర్నాడే మళ్ళీ మొదలైంది.

అయితే ముక్తార్ మాటను మామ జవదాటలేదు. కొట్టం ముందర గుంజ పాతి, "నీడ గుంజ దాటంగనే ఎర్రగుండీ ఒత్తాలె. మోటరు దమ్ము తీసుకుంటది. మర్శిపోయినవంటే సూడు" అని నాకు అప్పజెప్పాడు. మోటరు దమ్ము తీసుకునే ఆ కాసేపట్లో నాకు కలుపు పని చెప్పాడు. మా ఇంట్లో అలసట అనేది ఒకటుంటుందని ఒప్పుకున్నారు. అది ఇనుముకు.

ఈ ఏడు వానలు ముందే ఎత్తిపోయాయి. పండుగ మర్నాడు కూడా తడి పెట్టాల్సి వచ్చింది. మామ బోధన్ పోయాడు. నేను పచ్చగుండీ నొక్కి, మళ్ళు కట్టి, నడుం పట్టుకుని కొట్టంలోకి వచ్చి కూర్చున్నాను. కోత గురించి మామ పొద్దున పోతూ అన్న మాట తలుచుకున్నాను. "కోతయినంక మొదళ్ళ నుంచి మల్ల చెరుకొస్తది. దానికి ఖర్చే లేదు. ఉత్త నీళ్ళు పెడితే సాలు." డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడని నేను అడగలేదు. అడగడానికి ఇంకేం మిగిలింది?

నీడ గుంజ దాకా వచ్చింది. దాటింది. మోటరు మీద చెయ్యి పెట్టి చూశాను, కాలుతోంది. నిన్నటి బంతిపూలు వాడిపోయాయి. ఎర్రగుండీ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. బొంబాయిలో ఒక మనిషి వదులుకున్న రాత్రి బువ్వంతా ఆ ఇనుములోనే ఉంది. అది కాలితే మళ్ళీ ఆయనే పస్తుండి పంపాలి. నాకు బాగా తెలుసు. ఆయన మీద నాకు కోపం కూడా లేదు.

ఎండుటాకు పరుచుకున్నాను. కాళ్ళు దిమ్మె మీద పెట్టుకుని పడుకున్నాను, కాలిన వాసన ఎప్పుడొస్తుందా అని.