వంటగది గుమ్మానికి కొలిచిన వెలుతురు

"మాతే చల్లారిపోయిందే, మళ్ళీ నీళ్ళు కాచు," అన్నాడు వాల్తెర్, కుర్చీలోంచి లేవకుండానే. మీర్తా చేతిలోని పాత ఫిల్ము చుట్ట కింద పెట్టి, నీళ్ళు కాచి, ఆకు మార్చి ఆ చేదు కషాయం మొగుడికి ఇచ్చింది. పైసాందూ ఊళ్ళో ఇళ్ళల్లో మూలపడ్డ ఫిల్ములన్నీ కంప్యూటరుకెక్కేది వాళ్ళ కొట్లోనే. ఎక్కించేది మీర్తా. "మా ఆవిడకి ఇంట్లో పొద్దుపోదు, ఊరికే వచ్చి కూర్చుంటుంది," అని వచ్చినవాళ్ళతో వాల్తెర్ అంటే తనూ నవ్వేసేది. ఎందుకు నవ్వానా అని ఇంటికెళ్ళాక ఒళ్ళు మండేది.

ఆ చుట్ట కుంచించుకుపోయి పుల్లటి వాసన కొడుతోంది. స్కానర్లో ఒక్కసారి తిరిగితే గొప్ప, రెండోసారికి ముక్కలే. అందులో ఉన్నది ఒకే ఒక్క ఆదివారం. పెరట్లో ఎండలో మాంసం కాలుస్తున్న మగవాళ్ళు, వాళ్ళ వెనక వంటగది గుమ్మంలో నల్లగా ఒక ఆకారం. చుట్ట తెచ్చిన సుల్మాకి ఆ ఆకారమే కన్నతల్లి. "నా నాలుగో ఏట పోయిందమ్మా. ముఖం గుర్తులేదు, ఇంకెక్కడా ఫొటో లేదు," అని కొట్లో నిలబడి ఏడ్చింది.

"ఎక్స్‌పోజర్ మగాళ్ళకి పెట్టు. గుమ్మం సంగతి తర్వాత గెయిన్ పెంచి చూద్దాం," అన్నాడు వాల్తెర్.

"గెయిన్ పెంచితే ముఖం రాదు, చుక్కలొస్తాయి."

"ఓహో, పంతులమ్మ చెప్పొచ్చింది! రేపు ఆవిడ అన్నలొచ్చి మా నాన్న ఏడీ అంటే నువ్వు చెప్తావా?"

అతను మధ్యాహ్నం కునుక్కి వెళ్ళాక మీర్తా స్కానర్ ముందు కూర్చుంది. గెయిన్ కొత్త వెలుతురు తేదు, పడిన కాస్తనే సాగదీస్తుంది, పలచటి చారులో ఇంకో చెంబు నీళ్ళు పోసినట్టు. ముఖం కావాలంటే ఒక్కో బొమ్మ మీదా వెలుతురు ఎక్కువసేపు నిలవాలి. నిలిస్తే ఎండలో ఉన్నవాళ్ళు తెల్లగా మాడిపోతారు. ఇద్దరూ దక్కరు. ఎప్పుడూ ఎండలో ఉన్నవాళ్ళకే ఎందుకు కొలవాలి? పెళ్ళయినప్పటినుంచీ తను గడిపిన ఆదివారాలన్నీ అలాంటి గుమ్మంలోనేగా! రేపు తన కూతురు వెతికితే ఏం దొరుకుతుంది? గెయిన్ పూర్తిగా దించి, వెలుతురు నిలిపే ఎక్స్‌పోజర్ని గుమ్మానికి పెట్టింది.

సాయంత్రం సుల్మా వచ్చి తెర ముందు కూర్చుంది. పెరడంతా తెల్లటి వెలుగు, మగవాళ్ళ ఆనవాలు లేదు. గుమ్మంలో మాత్రం ముప్పై ఏళ్ళ మనిషి, పీక్కుపోయిన కళ్ళు, తడి చేతులతో చప్పట్లు కొడుతోంది. నవ్వడం లేదు.

"ఎవరికి కొడుతోంది?" అని అడిగింది సుల్మా.

"మాంసం కాల్చినాయనకి. మీ నాన్నకి."

వాల్తెర్ ముఖం కందగడ్డయింది. "మగాళ్ళంతా ఏమైపోయారు? ఎవరు చేశారీ నిర్వాకం?"

"నేనే. కావాలనే చేశాను," అంది మీర్తా.

సుల్మా అతని మాట విననేలేదు. తెరనే చూస్తూ, "ఇంత దిగులుగా ఉండేదా మా అమ్మ," అంది.

ఆదివారం వాల్తెర్ తమ్ముళ్ళు భోజనానికి వచ్చారు. వాల్తెర్ పెరట్లో మాంసం కాల్చాడు. దుంపలు, సలాడ్లు, పళ్ళేలు అన్నీ మీర్తా చేతి మీదుగానే నడిచాయి. చిన్నమరిది గ్లాసెత్తి ఎప్పటిలాగే, "కాల్చినవాడికి చప్పట్లు!" అని అరిచాడు. అందరూ కొట్టారు. వాల్తెర్ వంగి దణ్ణం పెట్టి, ఆమె వంక చూశాడు.

మీర్తా చప్పట్లు కొట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, వేడి చల్లారకముందే తినడం మొదలుపెట్టింది.