పెన్నుల డబ్బా

పది కావడానికి ఐదు నిమిషాలుండగానే గుమాస్తా బల్ల మీది దుమ్ము తుడిచి, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీని కిటికీ వైపుకు తిప్పి, రేకు బిస్కెట్ డబ్బాను బల్ల మధ్యలో పెట్టాడు. లా కాలేజీలో ఉచిత న్యాయసలహా గది అది. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ల గోడు విని అర్జీలు రాసిపెట్టడం ఆఖరి సంవత్సరం విద్యార్థులకు అక్కడే నేర్పిస్తారు. నేర్పించేది ప్రొఫెసర్ గారని బోర్డు మీద ఉంటుంది. నేర్చుకునేది గుమాస్తా దగ్గరేనని వరండాలో అందరికీ తెలుసు.

సన్నటి మనిషి. చొక్కా జేబు అడుగున సిరా మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు. ముప్పై ఒక్కేళ్లుగా అదే గది, అదే బల్ల. ఈరోజుతో ఉద్యోగం ఆఖరు. సభ పెడతామంటే "పొగడ్తలు పోయినవాళ్లకండీ, నేనింకా ఉన్నానుగా" అని తప్పించుకున్నాడు. అతని బెంగల్లా డబ్బా గురించే. వచ్చే వారం నుంచి కంప్యూటర్లో ఫారాలు నింపిస్తారట. డబ్బాను ఎవరికి అప్పగించాలో ఇంకా తేలలేదు.

అర్జీదారు వచ్చి కూర్చోగానే విద్యార్థి తన పెన్ను ఆ డబ్బాలో వేసేయాలి. వచ్చినవాళ్లు చెప్పడం ఆపాక గదిలో కాసేపు మాట ఉండకూడదు. ఆ తర్వాత వాళ్లంతట వాళ్లు మళ్లీ ఏదైనా అంటే, అప్పుడే గుమాస్తా పెన్ను తిరిగి ఇస్తాడు. అందుకే చాటుగా అతన్ని 'డబ్బా మాస్టారు' అంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక ముసలామె ఇంటి తగాదా చెబుతుంటే, భోజనానికి వేళైందని "సరే, రాసేశానమ్మా" అంటూ కాగితం మడిచేశాడు. ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఏదో అనబోయి, ఊరుకుని వెళ్లిపోయింది. అవతలివాళ్లు తెల్లకాగితం మీద తన చేత వేలిముద్ర వేయించుకున్నారన్న సంగతి ఆమె నోట్లోనే ఉండిపోయింది. అది అర్జీలోకి ఎక్కక ఇల్లు పోయింది. ఆ తప్పు అతన్ని ఈనాటికీ తినేస్తూనే ఉంది.

ఇవాళ వంతు గోల్డ్ మెడల్ అమ్మాయిది. పెద్ద కంపెనీ వాళ్లు అప్పుడే ఉద్యోగానికి పిలిచారట. వాదనల పోటీల్లో ఆమె నోటికి ఎదురులేదు. గుమాస్తా అనుమానమంతా చెవుల గురించే. అమ్మాయికి ఎదురు కుర్చీలో, బట్టల మిల్లులో ఊడ్చే ఆమె పనిలోంచి తీసేసిన నోటీసు పట్టుకుని కూర్చుంది.

"పెన్ను తల్లీ," అన్నాడు గుమాస్తా.

"ఈ ఒక్కసారికి వదిలేయండి మాస్టారూ. నోటీసు చూస్తేనే తెలిసిపోతోంది. సెక్షన్ కూడా గుర్తుంది."

"సెక్షన్ ఎక్కడికీ పారిపోదు. వెయ్యమ్మా."

పెన్ను ఠంగుమని పడింది.

ఊడ్చే ఆమె నాలుగు ముక్కల్లో చెప్పేసి ఆగింది. అమ్మాయి వేళ్లు పెన్ను కోసం బల్ల మీద తడుముకున్నాయి. పెదవి కదిలింది. అడగకు తల్లీ, అడగకు, అని గుమాస్తా ఊపిరి బిగబట్టాడు. అమ్మాయి నోటీసును బోర్లించి ఆమె ముఖంలోకి చూస్తూ ఊరుకుంది.

"నా సంగతి సరేగానీ అమ్మా," ఊడ్చే ఆమె గొంతు తగ్గించింది. "ఇంకో పదకొండు మంది ఉన్నారు. అందరికీ ఇదే కాగితం. దుమ్ముకి ఆగలేక ముక్కుకి గుడ్డలిమ్మని అడిగాం, అదీ మా నేరం. నాకు కాస్త నోరుందని నన్ను పంపారు. వాళ్లంతా గేటు బయట నిలబడ్డారు."

"ఎండలోనా!" అమ్మాయి దిగ్గున లేచింది. "అందరినీ రమ్మనండి. ఇది మీ ఒక్కరి కేసు కాదు."

కుర్చీలు చాలలేదు. గుమాస్తా పక్క క్లాసులోంచి రెండేసి చొప్పున మోసుకొచ్చాడు. ఆఖరి రోజున కూడా గొడ్డుచాకిరీయేనా అనుకుని నవ్వుకున్నాడు. ఎన్నేళ్లకో మనసు తేలికపడింది. పన్నెండో ఆమె చెప్పడం అయ్యేదాకా అమ్మాయి పెన్ను అడగలేదు. చివరికి అతనే తీసి చేతికిచ్చాడు.

సాయంత్రం అమ్మాయి పన్నెండు మంది తరఫునా ఒకే అర్జీ రాస్తోంది. కంపెనీ వాళ్ల ఫోన్ రెండుసార్లు మోగినా తల ఎత్తలేదు. గుమాస్తా తాళంచెవి మేకుకు తగిలించాడు. జేబులోంచి తన పెన్ను తీసి, చప్పుడు కాకుండా డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"వస్తానమ్మా."

"రేపు కలుద్దాం మాస్టారూ," అంది రాస్తూనే.

అతను ఆ మాట సరిదిద్దలేదు. మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పదింటికి తోటి విద్యార్థిని ఒకామె పెన్ను తెరుచుకుని సిద్ధంగా కూర్చుంటే, అమ్మాయి డబ్బాను ఆమె ముందుకు జరిపి మూత తీసింది. అడుగున, క్లిప్పు ఊడిపోకుండా దారం చుట్టిన పాత సిరా పెన్ను ఒకటి అప్పటికే ఉంది.