బోనెట్‌కి ఆరు చీలికలు

రిటైరై నాలుగు నెలలైనా, పొద్దున్న ఆరింటికి ఉక్కు ప్లాంట్ సైరన్ మోగితే నా కాళ్లు వాటంతటవే మంచం దిగిపోయేవి. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ మోగితే అన్నం ముందు కూర్చున్నవాణ్ణి కూడా లేచి నిలబడేవాణ్ణి. ఎక్కడికి? ఎక్కడికీ కాదు. కోహ్కా బస్తీలో మా పెరడు ఈ చివర నుంచి ఆ చివరికి పద్దెనిమిది అడుగులు. రోజూ తిరిగేవాణ్ణి కదా, నాకు తెలుసు. మా ఆవిడ పైడమ్మ చూసి చూసి, “కాలుగాలిన పిల్లిలాగ ఏటా తిరుగుడు? నాకు తల తిరిగిపోతంది,” అనేది.

అది తొంభై ఆరు, మే నెల. మా అబ్బాయి శ్యామసుందర్‌ది ఇండస్ట్రియల్ ఏరియాలో ఉద్యోగం. సెకండ్ హ్యాండ్ మారుతి ఒకటి కొని దాని ప్రాణం తీస్తున్నాడు. లావు టైర్లు వేశాడు, వెనక సీటు పీకేశాడు, కార్బురేటర్ మార్చాడు. ఆదివారం నెహ్రూ నగర్ నుంచి కార్ల ర్యాలీ ఉంటే పేరిచ్చేశాడు. చిక్కేమిటంటే, ఇరవై కిలోమీటర్లు తోలేసరికి ఇంజన్ ఉడికిపోతోంది. వేడి పైకి పోవడానికి బోనెట్‌కి ఆరు చీలికలు కొట్టించాలట. పవర్ హౌస్ బజారులో అనిల్ అని, కార్ల సొట్టలు తీసే డెంటింగ్ మిస్త్రీ ఉన్నాడట, వాడి చేత చేయిస్తాడట.

నాకు ఒళ్లు మండింది.

“ముప్పై నాలుగేళ్లు ప్లాంట్‌లో గ్యాస్ కటింగ్ సేసినోణ్ణి ఇంట్లో ఎట్టుకుని, రేకుకి సిల్లు కొట్టడానికి మిస్త్రీ కావాలేట్రా?”

“నాన్నా, నువ్వు కట్ చేసింది మోటా ప్లేట్. ఇది పల్చటి రేకు,” అన్నాడు వాడు.

“ఇనుము ఇనుమే. నాకు నేర్పకు.”

వాడు వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ వాడి వైపు చూసింది. “సరే, శుక్రవారం విప్పి ఇస్తాను,” అన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

శుక్రవారం వాడు డ్యూటీకి పోగానే వెల్డింగ్ షాపు నుంచి సిలిండర్లు రిక్షాలో తెప్పించాను. రెండు స్టూళ్ల మీద బోనెట్ పెట్టి, చాక్‌పీస్‌తో గీతలు గీసి, నల్ల కళ్లజోడు పెట్టుకుని గ్యాస్ టార్చ్ వెలిగించాను. ఆ మంట చప్పుడు వినగానే ప్రాణం లేచి వచ్చింది. ప్లాంట్‌లో నా పని నాలుగు వేళ్ల మందం ప్లేట్ల మీద. ఎర్రబడేదాకా ఆగాలి, అప్పుడు ఆక్సిజన్ వదలాలి. నా చేతికి తెలిసింది అదొక్కటే. కాబట్టి ఆగాను. అంతే! రెప్ప వేసేలోగా రేకు కరిగి అరచెయ్యంత కన్నం పడింది. పెయింటు బుగ్గయింది. ఆపాలి కదా? ఆపలేదు. చెయ్యి ఇప్పుడే కుదురుకుంటుందిలే అని ఆరూ లాగించేశాను. మొండితనమంటే నాదే. బోనెట్ వంకర తిరుగుతుంటే సరిచేద్దామని బకెట్టుడు నీళ్లు గుమ్మరించాను. నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయింది.

పైడమ్మ వచ్చి చూసింది. “ఓలమ్మో! ఆరు సీలికలు అడిగితే జల్లెడ సేసినావేటి?”

సాయంత్రం శ్యామ్ వచ్చాడు. తిడతాడని నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను. “పర్లేదు నాన్నా,” అని స్నానానికి పోయాడు. ఎల్లుండి ర్యాలీ పెట్టుకుని, బోనెట్ తగలేస్తే పర్లేదా? నాకు కాలు నిలవలేదు. సుత్తితో సాగగొట్టి చూద్దామని మెట్ల కింద సామాను వెతికాను. అక్కడ గోనెపట్టా కప్పి ఇంకో బోనెట్ ఉంది. తెల్లది. దాని మీద పెన్సిల్‌తో ఆరు గీతలు ముందే గీసి ఉన్నాయి.

సిగ్గేసింది. కోపం తరవాత వచ్చింది, ముందు సిగ్గే. నేను పాడుచేస్తానని వీళ్లకు ముందే తెలుసు. ఏడ్చే పిల్లాడి చేతిలో గిలక్కాయ పెట్టినట్టు నా చేతిలో పాత రేకు పెట్టారు.

“ఇదేట్రా?” అని అరిచాను.

శ్యామ్ తువ్వాలుతో వచ్చి నిలబడ్డాడు. “పాత ఇనుము అమ్మే కబాడీ దుకాణంలో దొరికింది నాన్నా. నువ్వు ఖాళీగా కూచోలేకపోతున్నావు, కారుకున్న పాతది ఇచ్చీ అని అమ్మే అంది. రేపు అనిల్ భయ్యా వచ్చి దీన్ని కట్ చేస్తాడు.”

పైడమ్మ తల దించుకుంది. “నువ్వలాగ తిరగతంటే సూడలేకపోనాను,” అంది.

శనివారం ఆరింటి సైరన్‌కి లేచాను గానీ తిరగలేదు. పాడైన బోనెట్ ముందు కూర్చున్నాను. టార్చ్ ముట్టుకోలేదు. కాలకుండా మిగిలిన అంచు దగ్గర చేతి డ్రిల్లుతో రెండు చిన్న కన్నాలు పెట్టి, వాటి మధ్య రంపం బ్లేడుతో కోశాను. రేకును బోర్లించి, గుంట తీసిన చెక్క మీద పెట్టి, కోసిన అంచు మూతిలా పైకి లేచేలా కర్ర సుత్తితో కొట్టాను. గట్టిగా కొడితే చిరుగుతుంది, మెల్లగా కొడితే సాగుతుంది. మెల్లగా కొట్టడం నాకు నరకం. నన్ను నేనే బూతులు తిట్టుకున్నాను. పైడమ్మ వచ్చి రెండో అంచు పట్టుకుంది. రెండు చిరిగాయి. మూడోది మధ్యాహ్నానికి కుదిరింది.

ఒంటిగంటకి శ్యామ్ అనిల్‌ని వెంటబెట్టుకొచ్చాడు. రైల్వే పనికి ఇక్కడికొచ్చిన మన తెలుగువాళ్ల పిల్లాడే. కాలిన కన్నాలు చూసి నవ్వు ఆపుకున్నాడు. తరవాత మోకాళ్ల మీద కూర్చుని ఆ మూడో చీలికని వేలితో తడిమాడు.

“బఢియా ఉంది బాబాయ్. మూతి కూడా ముందద్దం వైపే పెట్టావు. ముందుకి పెడితే గాలి లోపలికే కొడతాది, అందరూ అక్కడే తప్పుతారు.” శ్యామ్ వైపు తిరిగాడు. “మరి నన్నెందుకు తెచ్చావ్ భయ్యా?”

శ్యామ్ మెట్ల కిందికి వెళ్లాడు. తెల్ల బోనెట్ తెచ్చి స్టూళ్ల మీద పెట్టి, డ్రిల్లు నా చేతికిచ్చాడు. ఇది పాడైతే ఇంకోటి లేదు. వాడి మొహంలో భయం నాకు కనిపిస్తూనే ఉంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నేను డ్రిల్లు అనిల్‌కిచ్చాను. “మూడు సేస్తే ఒకటొచ్చిందిరా నాకు. అయిదు నువ్వు కొట్టు, నేను రేకు పట్టుకుంటాను. ఆఖరిది...” ముప్పై నాలుగేళ్లలో పని ఇమ్మని ఎవరినీ అడిగినవాణ్ణి కాదు. “ఆఖరిది నాకియ్యండి.”

“ఆఖరిది కాదు నాన్నా,” అన్నాడు శ్యామ్. “స్టీరింగ్‌కి ఎదురుగా ఉన్నది నువ్వు చెయ్యి. తోలుతున్నప్పుడు నాకు కనబడేది.”

అనిల్ అయిదూ పూర్తి చేశాడు. నా వంతొచ్చింది. కొంచెం కొట్టి, తడిమి చూసి, మళ్లీ కొంచెం కొట్టాను. ఎంతసేపు కొట్టానో తెలీదు. రేకు సాగింది, చిరగలేదు. తలెత్తితే పైడమ్మ టీ గ్లాసులు పట్టుకుని నవ్వుతోంది.

“ఏటే ఆ నవ్వు? రెండింటి సైరన్ ఇంకా మోగలేదేటి?”

“మోగీసి గంట దాటింది. నువ్వు లెగలేదు.”