మట్టెల షాట్

నితీష్‌కు మనుషుల కాళ్లు చూసే అలవాటు పెళ్లిళ్ల వల్ల వచ్చింది. నిజామాబాద్ పూలాంగ్ చౌరస్తాలో, మేడమీది ఫొటో స్టూడియోలో వాడు పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. పెళ్లికూతురి కాలు సన్నెకల్లు మీద పెట్టించి, పెళ్లికొడుకు వంగి ఆ వేలికి మట్టె తొడిగే షాట్ ఒకటి ఉంటుంది చూడండి, అది తప్పిపోతే ఆడపెళ్లివాళ్లు స్టూడియో మెట్లెక్కి వచ్చి మరీ తిడతారు. అందుకని ఎంత ఫుటేజీ వచ్చినా వాడు ముందు కాళ్లు వెతుకుతాడు.

మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు ఊరికే కూర్చోలేక యూట్యూబ్‌లో ఒక ఛానెల్ పెట్టాడు. జానపద పాటల వీడియోలు తీసుకుని, ఈ షాట్ ఎందుకు పెట్టారు, కెమెరా ఇక్కడెందుకు ఆగింది అని విప్పి చెప్పడం దాని పని. సర్వం తనకే తెలుసన్నట్టు చెబుతాడు. తగ్గి మాట్లాడటం వాడికి రాదు. కానీ ఉన్నమాట అనుకోవాలి, బాగానే చెబుతాడు.

బోధన్ అవతల చెరుకుతోటలో తీసిన ప్రేమపాట ఒకటి మూఢం పోయాక ఆ నెల పెళ్లి బరాత్‌లన్నిటా మోగిపోయింది. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు వేసేవాళ్లే తగ్గిపోయారు, ఆ ఒక్క తోట కోసం పాట తీసినవాళ్లెన్ని ఊళ్లు తిరిగారో పాపం. అందులో హీరోయిన్ అంకిత అనే డిగ్రీ పిల్ల. నితీష్ ఆ పాటను పట్టుకున్నాడు. డ్రోన్ షాట్‌లో పచ్చటి చెరుకు నడుమ పిల్ల చీమంత కనబడుతుంది కదా, అంటే ఆమె మాట వినేవాళ్లు ఎవరూ లేరని అర్థం అన్నాడు. అబ్బాయిని కింది నుంచి తీశారు, అంటే ఆమె కంటికి వాడు అంత పెద్దవాడు అన్నాడు. ఆ తర్వాత కందకుర్తి గోదావరి రేవు దగ్గర ఆమె నీళ్లలో కాలు పెట్టే క్లోజప్ వచ్చింది. అక్కడ ఆపి, జూమ్ చేసి, కాలి రెండో వేలి చుట్టూ ఎర్రటి గుండ్రం గీశాడు. వేలికి మట్టె ఉంది. పాటంతా పెళ్లికాని పిల్ల, ఈ ఒక్క షాట్‌లో మట్టె. పైగా కెమెరా అవసరానికి మించి ఆ కాలి మీదే ఆగింది. కాబట్టి ఇది పొరపాటు కాదు, ఆమెకు అప్పటికే పెళ్లయిపోయింది, మనం చూస్తున్నదంతా ఆమె జ్ఞాపకం, దర్శకుడు మనకు చెవిలో చెబుతున్న రహస్యం ఇదే అని ముగించాడు.

జనం వెర్రెత్తిపోయారు. ఆ గుండ్రం గీసిన ముక్క ఒక్కటీ కత్తిరించి వాట్సాప్ స్టేటస్‌లలో పెట్టుకున్నారు. నితీష్ రెండు రోజులు నేల మీద నడవలేదు.

మూడో రోజు పొద్దున అంకిత ఫోన్ చేసింది. మొదట వాడు పొగడటానికే అనుకున్నాడు.

"అన్నా, గది డైరెక్టర్ పెట్టిన షాట్ కాదు. నాకు నిజంగనే పెండ్లయింది. మట్టెలు తీసుడు మర్సిపోయిన."

ఆమె చెప్పుకుపోయింది. ఆ పాటకు కెమెరా పట్టిన చిన్నునే చేసుకుంది. కులం వేరు. ఇంట్లో ఎవరికీ తెలియదు. కాలేజీకని నిజామాబాద్ వచ్చినప్పుడు మట్టెలు పెట్టుకుంటుంది, సాయంత్రం బోధన్ బస్సెక్కే ముందు తీసి సంచిలో వేసుకుంటుంది. రేవు దగ్గర ఆ రోజు ఇద్దరూ మరిచిపోయారు. కాదు, చిన్ను మరిచిపోలేదు. తాను తొడిగిన మట్టె కనుక మురిసిపోయి కెమెరా అక్కడే ఉంచాడు. ఎవరు చూస్తారులే అనుకున్నారు.

ఇంట్లో తండ్రి లింబయ్య పాటలు చూడడు. అన్న మల్లికార్జున్ చూస్తాడు. పెదనాన్న కూతురు ఇష్టపడ్డవాడిని చేసుకుంటే, ఆ అబ్బాయిని పట్టుకుని చెయ్యి విరగ్గొట్టింది ఇతనేనట. సొంత చెల్లెలి విషయంలో చెయ్యితో ఆగుతాడా?

ఆమెను ఇంటికి పోవద్దన్నాడు నితీష్. పోకపోతే అనుమానం నిజమైపోతుంది, మామూలుగా సాయంత్రం బస్సుకే పోతానంది. వీడియో మాత్రం తీసెయ్యమంది. వాడు అప్పటికప్పుడు తీసేశాడు. కానీ ఏం లాభం, ఆ ఎర్ర గుండ్రం అప్పటికే ఊరూరా తిరుగుతోంది. దాన్ని గీసిన చెయ్యి తనదే.

సాయంత్రం కావస్తుండగా మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు తోసుకుని మొదట వచ్చినవాడిని చూడగానే నితీష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొహంలో అంకిత పోలికలు. వెనకాల తెల్లటి ధోవతి, కండువా, ముసలి రైతు ఒకాయన. పెళ్లి వీడియో గురించి అడగడానికి వచ్చారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు, పిచ్చివాడు.

మల్లికార్జున్ అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుని, అన్నా గా పాట పెద్ద తెర మీద పెట్టు అన్నాడు. ఇంటి ఆడపిల్ల మీద ఊరంతా మాట్లాడుతుంటే నిజమేందో తేల్చుకోవాలి కదా అన్నాడు, చాయ్ అడిగినంత మామూలుగా. లింబయ్య గోడవారగా స్టూలు మీద కూర్చున్నాడు.

నితీష్ పాట పెట్టాడు. డ్రోన్ షాట్ వచ్చింది. చెరుకు నడుమ చీమంత పిల్ల. మొన్న ఎంత గొప్పగా చెప్పాడు, ఆమె మాట వినేవాళ్లు లేరని. ఇప్పుడు అదే షాట్ చూడలేక కళ్లు దించుకున్నాడు. రేవు దగ్గరి కాలు వచ్చింది. ఆపమన్నాడు మల్లికార్జున్.

ఇక నితీష్ మొదలుపెట్టాడు. తన జన్మలో అంత గట్టిగా ఏ షాటూ వివరించి ఉండడు. ఇది హీరోయిన్ కాలే కాదన్నాడు. పాటల్లో కాళ్ల షాట్లకు, చేతుల షాట్లకు డూపులను పెట్టడం మామూలే అన్నాడు. పక్క షాట్‌లో చర్మం రంగు చూడండి, వెలుతురు చూడండి, ఇది వేరే రోజు తీసింది, ఎవరో పెళ్లయిన ఆవిడను నిలబెట్టి తీశారు, నేనే చూసుకోకుండా వాగాను, తప్పు నాది అన్నాడు. గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉన్నాడు. తన మాటలు తనకే నమ్మేలా వినిపించాయి.

మల్లికార్జున్ అంతా విన్నాడు.

"పాట ఆఖర్ల పేర్లొస్తయి గద. కెమెరా చిన్ను అని ఉన్నది. గా చిన్ను ఎవడు, ఎక్కడుంటడు?"

తెలియదన్నాడు నితీష్. అది అబద్ధమని గోడలకు కూడా తెలిసి ఉంటుంది. మల్లికార్జున్ కాసేపు వాడి మొహంలోకి చూసి, తండ్రి వైపు తిరిగాడు.

"బాపు, నువ్వొచ్చి జూడు. మన అంకిత కాలేనా?"

లింబయ్య లేచాడు. కళ్లద్దాలు కండువాతో తుడుచుకుని తెరకు దగ్గరగా వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఆయన చూపు వేలి మీద లేదని నితీష్‌కు అర్థమైంది. మడమకు కాస్త పైన, లోపలివైపు, చంద్రవంకలా ఒక తెల్లటి మచ్చ ఉంది. ఇన్నిసార్లు ఈ షాట్ చూశాడు, జూమ్ చేశాడు, దాని మీద ఉపన్యాసం ఇచ్చాడు, ఆ మచ్చను మాత్రం చూడలేదు! చెరుకు కొట్టాక పొలంలో మిగిలే మోడు చిన్నపిల్ల కాలికి దిగితే పడే మచ్చ అది. ఆ పక్క ఊళ్లలో చాలామందికి ఉంటుంది. తన కూతురికి ఏ కాలికి ఎక్కడ దిగిందో, రక్తం కారుతుంటే భుజాన వేసుకుని బోధన్ దవాఖానాకు పరుగెత్తిన తండ్రికి తెలియకుండా ఉంటుందా?

అయిపోయింది అనుకున్నాడు నితీష్.

లింబయ్య చెయ్యి చాపి, మట్టెను చూపిస్తున్నట్టుగా తెర మీద పెట్టాడు. చూపుడువేలు మట్టె దగ్గర ఉంది. బొటనవేలు సరిగ్గా ఆ మచ్చ మీద పడింది. కొడుకు కూడా ముందుకు వంగి చూస్తున్నంతసేపూ ఆ బొటనవేలు అక్కడి నుంచి కదల్లేదు.

"మన పిల్లది గాదురా," అన్నాడు. "గీ కాలు ఎవ్వలదో."

మల్లికార్జున్ తండ్రిని చూశాడు, తెరను చూశాడు. సరే అని లేచాడు. నమ్మాడో లేదో ఆ మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పోతూ పోతూ, గా కెమెరా పోరని సంగతి నేను చూసుకుంట అన్నాడు. బండి స్టార్ట్ చేయడానికి కిందికి దిగాడు.

ముసలాయన వెంటనే పోలేదు. తెర మీద నుంచి చెయ్యి తీశాడు. మచ్చ మళ్లీ కనబడింది. దాన్ని ఆయన వేలితో మెల్లగా రుద్దాడు, తుడిస్తే పోతుందేమోనన్నట్టు. తర్వాత నితీష్ వైపు తిరిగాడు. మాట్లాడేముందు మెట్ల వైపు చూసుకుని గొంతు తగ్గించాడు. కన్న కొడుకంటే కన్న తండ్రికి అంత భయం.

"గంత గట్టిగ కాదు కాదన్నవంటె, మా అంకిత నీతోని మాట్లాడిందన్నట్టే బిడ్డా. దానికి ఫోన్ జెయ్. ఇయ్యాల ఇంటికి రావద్దను." కిందనుంచి హారన్ మోగింది. ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "ఇయ్యాలనే గాదు. నేను బతికున్నన్ని రోజులు రావద్దను."

కండువా నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆగి నితీష్ ఫోన్ చేశాడు. అంకిత అప్పటికే బోధన్ బస్సులో కూర్చుంది. వెనకాల కండక్టర్ అరుపులు వినబడుతున్నాయి. దిగు చెల్లె, ముందు బస్సు దిగు, మీ బాపు, అన్న వచ్చి ఆ షాట్ చూసి పోయిండ్రు, చిన్నును కూడా జాగ్రత్తగ ఉండమను అన్నాడు వాడు. ఆమె వాళ్లెందుకొచ్చారు అనలేదు, అన్న ఏమన్నాడు అనలేదు.

"బాపు గుర్తు పట్టిండా?" అంది.

"నీ కాలు కాదన్నడు చెల్లె," అన్నాడు నితీష్.

తన కాలును బాపు గుర్తుపట్టకుండా ఉండడని, పట్టే కాదన్నాడని ఆమెకు తెలుసు. టికెట్ టికెట్ అంటున్నాడు కండక్టర్. కాసేపటికి ఆమె, నేను దిగుతున్న, బండి ఆపుండ్రి అనడం వినిపించింది.