ముందు సీటు మధ్యలో

నార్బర్ట్ కారు వయసు అరవై ఏడు. అతను దానికంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అమెరికాలో, విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్ళో ఇద్దరినీ చూసి, ఇంకా నడుస్తున్నారే అని జనం ముచ్చటపడేవారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నమంతా నార్బర్ట్ తన నీలం సెడాన్‌ని రుద్ది రుద్ది మెరిపించాడు. సాయంత్రం చర్చి హాల్లో చేపల వేపుడు విందు. భర్త పోయిన మూడేళ్ళకి లావర్న్ మొదటిసారి "ఎవరైనా తీసుకెళ్తే వస్తాను" అంది. కలిసి చదువుకున్న బడి రోజుల్లో ఆమెకి చెప్పలేని మాట ఈసారైనా చెప్పాలని నార్బర్ట్ ఆశ. కానీ ఆ కబురు అతని చిన్ననాటి స్నేహితుడు డెల్మర్ చెవినా పడింది. డెల్మర్ కిందటి నెలే ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు.

ఇద్దరూ ఒకేసారి ఆవిడ వాకిట్లో దిగారు.

"ఒరే, నాది మూడు సెకన్లలో అరవై మైళ్ళ వేగం అందుకుంటుంది. మరి నీదో?" అన్నాడు డెల్మర్.

"ఆదివారానికి అందుకుంటుంది."

"నాది ఐదొందల గుర్రాల బలంరా!"

"చేపలు తినడానికి అన్ని గుర్రాలెందుకురా?"

లావర్న్ బయటికొచ్చి, రెండూ చూసి, ఎర్ర కారులో కూర్చుంది. కూర్చుందనేకంటే దిగబడింది అనాలి.

అంతలో ఆవిడ కేక పెట్టింది. "డెల్మర్, ఇది కారా, స్నానాల తొట్టా? మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. నన్ను బయటికి లాగు!"

డెల్మర్ లాగాడు. ఆవిడ బయటికొచ్చింది గానీ డెల్మర్‌కి నడుం పట్టేసింది. ఇక తన కారులోకి తనే వంగలేకపోయాడు.

"నా ఇంజన్‌లో కార్బ్యురేటర్ నేనే విప్పి బిగించాను, లావర్న్..." నార్బర్ట్ మొదలెట్టాడు.

"నేనడిగానా?" అంటూ ఆవిడ సెడాన్ ఎక్కి, సోఫాలా ఉన్న ముందు సీటు మీద మధ్యకి జరిగింది.

డెల్మర్‌కి పక్కన చోటివ్వడానికే జరిగిందని నార్బర్ట్ ఉసూరుమన్నాడు.

"నువ్వు వెనక పడుకో, డెల్మర్. బోలెడు చోటుంది" అందావిడ.

వాళ్ళ వయసు రోజుల్లో ఆడపిల్ల ముందు సీటు మధ్యకి జరిగిందంటే, బండి నడిపేవాడు తనవాడని ఊరంతా చాటినట్టే లెక్క. ఇన్నేళ్ళూ ఇంజన్ గొప్పలు చెప్పుకుంటూ వచ్చిన నార్బర్ట్‌కి, తన కారులో అసలు గొప్ప ఏదో ఇవాళ తెలిసింది. సంతోషంలో తొందరపడితే, బండి రెండుసార్లు ఆగిపోయింది.

"కాస్త తొక్కరా, చేపలు చల్లారిపోతాయి!" వెనక నుంచి డెల్మర్ మూలిగాడు.

లావర్న్ రోడ్డు కేసే చూస్తూ అంది. "తొక్కకు, నార్బర్ట్."